నమ్మకం లేనివాడి నీతి

దేవుడు లేడంటే మనిషి ఇక దేనికి జడుస్తాడు? తప్పు చేయకుండా అతన్ని ఆపేదేమిటి? సాహిత్య సభల్లో, అందులోనూ విద్యార్థులు ఎక్కువగా వచ్చే సభల్లో, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్ళందరూ ఛాందసులు కారు. భౌతికవాదం పట్ల గౌరవం ఉన్నవాళ్ళు, శ్రీశ్రీని కంఠతా పట్టినవాళ్ళు కూడా అడుగుతారు. దీనికి మన వక్తలు చెప్పే జవాబులు నాకు చాలాకాలంగా అసంతృప్తి కలిగిస్తున్నాయి. ఒకాయన లేచి గుళ్ళు కట్టించిన నల్లబజారు వ్యాపారుల కథలు చెప్తాడు. చప్పట్లు మోగుతాయి. కాని భక్తుడు దొంగ అయినంత మాత్రాన నాస్తికుడు దొర అయిపోడు కదా! మరొకాయన, నీతి అనేదే పాలకవర్గాలు పన్నిన ఉచ్చు, దాని గొడవ మనకెందుకు అంటాడు. ఈ రెండో జవాబు మొదటిదానికంటే ప్రమాదకరమైనది. ఎందుకో తర్వాత చెప్తాను.

మన కథకులు కూడా ఈ ప్రశ్నను తప్పించుకు తిరుగుతున్నారు. కథల్లో నాస్తికుడు సాధారణంగా రెండు వేషాల్లో కనిపిస్తాడు. ఒక వేషంలో వయసంతా దేవుణ్ణి తిట్టి, చివరి పేజీలో కొడుక్కి జబ్బు చేయగానే ఆసుపత్రి ఆవరణలోని గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొడతాడు. రెండో వేషం మన అభ్యుదయ రచయితలు వేయించినది. ఆ నాస్తికుడు అబద్ధమాడడు, కోప్పడడు, కాఫీ కూడా తాగడేమో అనిపిస్తుంది. మొదటివాడు పాఠకుణ్ణి బెదిరించడానికి పుట్టాడు, రెండోవాడు ఒప్పించడానికి పుట్టాడు. ఇద్దరూ మన మధ్య తిరిగే మనుషులు మాత్రం కారు.

ముందుగా ప్రశ్నలోని మాటనే పట్టుకుందాం. దేనికి జడుస్తాడు అని అడిగేవాడు, నీతికి మూలం భయమేనని ముందే ఒప్పేసుకున్నాడు. నేను బడిపంతుల్ని. పరీక్ష హాల్లో ఏళ్ళ తరబడి నిలబడినవాణ్ణి. జవాబు పత్రం పైన శ్రీరామ అనో, శిలువ గుర్తో, 786 అనో వేసుకుని, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాత చొక్కా మడతలోంచి చీటీ తీసే పిల్లల్ని చూస్తూనే ఉంటాను. వాళ్ళను కపటులనడం అన్యాయం. దేవుడు పాసు చేయిస్తాడని వాళ్ళు నిజంగానే నమ్ముతారు. ఆ దేవుడికే కాపీ కొట్టడం గిట్టదేమోనన్న ఊహ మాత్రం వాళ్ళకి రాదు. నమ్మకం ఒక అరలో ఉంటుంది, తప్పొప్పులు మరో అరలో ఉంటాయి. అదే హాల్లో పంతులు వరండాలోకి పోయినా పక్కవాడి కాగితం వంక చూడని పిల్ల ఒకతె ఉంటుంది. ఆమె పత్రం పైన ఏ గుర్తు ఉందో, అసలు ఉందో లేదో, దాన్నిబట్టి ఆమె నడవడి చెప్పడం ఎవరి తరమూ కాదు.

భయానికి తోబుట్టువు ఆశ. నరకం చూపి ఆపడమూ, స్వర్గం చూపి నడిపించడమూ ఒకే వ్యాపారం. భగత్ సింగ్ 1930 అక్టోబరులో లాహోరు జైల్లో "నేనెందుకు నాస్తికుణ్ణి" అనే వ్యాసం రాశాడు. అందులో అతను తన పరిస్థితిని ఏ మెరుగూ పెట్టకుండా చెప్పుకున్నాడు. హిందువైతే మరుజన్మలో రాజయోగం ఆశించవచ్చు, ముస్లిమో క్రైస్తవుడో అయితే స్వర్గసుఖాలు ఆశించవచ్చు. తనకు మాత్రం మెడకు ఉరి బిగిసిన క్షణమే ఆఖరి క్షణం. ఆ తర్వాత తానంటూ ఏమీ మిగలదని తెలిసి, 1931 మార్చి 23న ఉరికంబం ఎక్కాడు. అతని రాజకీయాలతో ఎవరైనా వాదించవచ్చు. ప్రతిఫలం లేకుండా త్యాగం లేదనే వాదానికి మాత్రం ఆ మరణం ఎదురుగా నిలబడి ఉంది.

సరే, భయమూ కాదు ఆశా కాదు అనుకుందాం. మరి తప్పొప్పుల తీర్పు ఎక్కడినుంచి వస్తుంది? మంచిది కనుకనే దేవతలు దాన్ని ఇష్టపడతారా, లేక దేవతలు ఇష్టపడ్డారు కనుక అది మంచిదైందా అని ప్లేటో తన "యూథిఫ్రో" సంభాషణలో సోక్రటీసు చేత అడిగించాడు. తెలుగు విద్యార్థి గ్రీసు దాకా పోనక్కరలేదు. శంబూకుడి కథ చాలు. ఉత్తరకాండలో ఒక బ్రాహ్మణ బాలుడు అకాలమరణం పాలవుతాడు. శూద్రుడొకడు తపస్సు చేస్తున్నందువల్లే ఈ అనర్థమని తేలుస్తారు. రాముడు వెళ్ళి అతని తల నరుకుతాడు, బాలుడు బతుకుతాడు. కథ ప్రకారం ఇది ధర్మం. చేసినవాడు దేవుడు, ఫలితమూ కనబడింది. ఇంకేం కావాలి?

కాని చదివినవాడి మనసు ఒప్పదు. ఈనాటి మనకే కాదు, ఎనిమిదో శతాబ్దినాటి భవభూతికీ ఒప్పలేదు. "ఉత్తరరామచరితం" రెండో అంకంలో ఆయన రాముడు కత్తి ఎత్తలేక, తన కుడిచేతిని తానే ఎత్తిపొడుచుకోవలసి వచ్చింది. భవభూతి నాస్తికుడు కాడు, వేదవిద్యలో పండిన కుటుంబంలో పుట్టినవాడు. ఆ చేయి వణకడానికి కారణం ఏ శాస్త్రంలోనూ దొరకదు. శాస్త్రానికి బయట, శాస్త్రాన్నే తూచగల తూకం ఒకటి కవి దగ్గర ఉంది. తర్వాత 1920 ప్రాంతంలో త్రిపురనేని రామస్వామి చౌదరి "శంబుకవధ" నాటకంతో ఆ తూకాన్ని దాచుకోకుండా సభలో పెట్టాడు. ధర్మం పేరిట జరిగినదాన్ని హత్య అన్నాడు. ఆయన మీద విరుచుకుపడ్డవాళ్ళు ఆయన్ను నీతిమాలినవాడన్నారు. అసలు జరిగినదేమిటంటే, నీతి దేవుణ్ణి బోనులో నిలబెట్టింది. నీతి కేవలం దేవుడిచ్చినదే అయితే ఆ పని చేయగలిగేదే కాదు.

నాస్తికుడు అనగానే తాగుబోతో, తిండిపోతో కళ్ళ ముందు మెదలడానికి వెనుక పెద్ద చరిత్రే ఉంది. చార్వాకుల గ్రంథాలు మనకు నిండుగా దక్కలేదు. వాళ్ళేమన్నారో వాళ్ళ ప్రత్యర్థులు చెప్పగా వింటున్నాం. అప్పు చేసైనా నెయ్యి తాగమన్నారని చిన్నప్పటినుంచీ వింటున్నాం కదా! ఆ శ్లోకం విజయనగర కాలపు మాధవాచార్యుల "సర్వదర్శన సంగ్రహం" వల్ల ప్రచారమైంది. లోకాయత పరిశోధకుడు రామకృష్ణ భట్టాచార్య ఈ శ్లోకం పూర్వగ్రంథాల్లో ఎలా ఉందో వెదికి చూశాడు. అక్కడ అప్పూ లేదు, నెయ్యీ లేదు. మృత్యువుకు అందనిదేదీ లేదు గనుక బతికినంతకాలం సుఖంగా బతకమన్న అర్థమే ఉంది. తమాషా ఏమిటంటే, మాధవాచార్యుల పుస్తకంలోనే మొదట్లో ఆ పాత పాఠమూ ఉంది, చివర్లో నేతిపాఠమూ ఉంది! లోకం రెండోదాన్నే పట్టుకుంది. ఒక పాదం మారిస్తే ఒక దర్శనం మొత్తం తిండిపోతు వ్యవహారమైపోయింది. సాహిత్య విద్యార్థులకు పాఠపరిష్కరణ ఎందుకని అడిగేవాళ్ళకు ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూపలేను.

మహాభారతం శాంతిపర్వంలో ఇంకొక చార్వాకుడున్నాడు. యుద్ధం ముగిసి ధర్మరాజు హస్తినాపురంలో అడుగు పెడతాడు. బ్రాహ్మణులు దీవిస్తుంటారు. వాళ్ళ మధ్యనుంచి భిక్షువు వేషంలో ఉన్న ఒకడు లేచి, జ్ఞాతులను చంపించి రాజ్యమేలుతావా, నీ బతుకెందుకు అని నిలదీస్తాడు. ధర్మరాజు సిగ్గుతో కుంగిపోతాడు. వీడు దుర్యోధనుడి స్నేహితుడు, చార్వాకుడనే రాక్షసుడు అని చెప్పి బ్రాహ్మణులు హుంకరించి అతన్ని దగ్ధం చేస్తారు. ఈ చార్వాకుడికీ ఆ దర్శనానికీ సంబంధమెంతో పండితులు తేల్చుకోవచ్చు. నేను చూసేది ఆ సభను. అన్ని లక్షల శవాల తర్వాత అక్కడ అడగవలసిన ప్రశ్న అదే. ఆ మహాసభలో దాన్ని అడిగిన ఒక్క నోటికీ కవి పెట్టిన పేరు చార్వాకుడు.

నీతి మనుషులు కలిసి బతకడంలోంచి పుట్టిందంటే కొందరికి అది తక్కువచేసినట్టు తోస్తుంది. కాని వేటాడి తెచ్చినది పంచుకోవడం, చెరువునీళ్ళు వంతులవారీగా పారించుకోవడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఇవేవీ ఆకాశంనుంచి ఊడిపడలేదు. అవి లేకపోతే ఊరు నిలవదు. మతం చాలాసార్లు ఇలా పుట్టిన నీతికి ముద్ర వేసింది. అదే చేత్తో, ఊరికి బయట ఉంచినవాడికి ఆ చెరువు నీళ్ళివ్వకూడదన్న అవినీతికీ ముద్ర వేసింది. ఒక ముద్రను మెచ్చుకుంటూ రెండోదాన్ని వక్రీకరణ అని దాటేయడం కుదరదు.

ఇక్కడే మన శిబిరంలోని రెండో జవాబు సంగతి చెప్పాలి. నీతి వర్గస్వభావం కలది అన్నాడు ఎంగెల్స్ "యాంటీ-డ్యూరింగ్"లో. నిజమే. కాని అదే చోట నీతిలోనూ పురోగతి ఉందన్నాడు, వర్గవైరుధ్యాలు తొలగిన సమాజంలో నిజమైన మానవీయ నీతి సాధ్యమన్నాడు. మనవాళ్ళు మొదటి సగం చదివి పుస్తకం మూసేశారు. ఆ మూసిన పుస్తకంలోంచి బయటికొచ్చేవాడు గిరీశం. గిరీశం నాస్తికుడు కాడు, నిజానికి ఏదీ కాడు. పాతవాటిమీద నమ్మకం పోయి, దాని స్థానంలో ఏదీ రానివాడు. సంస్కరణ మాటలన్నీ అతని నోట్లోనే ఉంటాయి, బాధ్యత ఒక్కటీ ఒంటిమీద ఉండదు.

అదే "కన్యాశుల్కం"లో, 1909 నాటి రూపంలో, గురజాడ అతనికెదురుగా మధురవాణిని నిలబెట్టాడు. వేశ్యకు నీతేమిటనే లోకం ఆమెది. సౌజన్యారావు పంతులు దగ్గర తాను అడిగిన మూల్యం చేతికందబోతున్నప్పుడు ఆమే ఆగిపోతుంది, చెడనివాణ్ణి చెడగొట్టకూడదని. అంతకుముందే ఒక ముసలివాడి ప్రాణం దక్కే ఉపాయం చేసింది. ఆ తర్వాత సౌజన్యారావు ఆమెకు భగవద్గీత ఇస్తాడు. విమర్శకులు ఈ గీత ఇవ్వడం మీద చాలా రాశారు. నాకు మాత్రం వరుసక్రమం ముఖ్యమనిపిస్తుంది. ఆ పుస్తకం చేతికి రాకముందే ఆమె చేయవలసినదంతా చేసేసింది.

దేవుణ్ణి తీసేస్తే చాలు, మంచి దానంతటదే వస్తుందనుకోవడమూ భ్రమే. 1937-38లో సోవియట్ దేశంలో జరిగిన అణచివేతలో లక్షలమంది ప్రాణాలు పోయాయి. 1956 నాటి ఇరవయ్యో మహాసభలో ఆ పార్టీయే స్టాలిన్ కాలపు అకృత్యాలను బయటపెట్టుకుంది. అది నాస్తికత చేసిన పని అని శత్రువులంటే మనం ఒప్పుకోనక్కరలేదు. నాస్తికత దాన్ని ఆపలేదన్నది మాత్రం ఒప్పుకుని తీరాలి. దైవాజ్ఞ పోయినచోట చరిత్ర ఆజ్ఞ వచ్చి కూర్చుంటే, చేసినవాడు మళ్ళీ జవాబు చెప్పనక్కరలేనివాడవుతాడు. అప్పుడు పోయింది పేరొక్కటే.

కాబట్టి ప్రశ్నను మరోలా అడగాలి. మనిషి దేనికి జడుస్తాడని కాదు, ఎవరికి జవాబు చెప్తాడని. నాస్తికుడి మాటను నమ్మవచ్చునా అనే వివాదం ఐరోపాలో ప్రమాణం చుట్టూ తిరిగింది. మతసహనం కోసం 1689లో అంత గొప్ప లేఖ ప్రచురించిన జాన్ లాక్ కూడా నాస్తికుణ్ణి సహించలేదు. మాటకు, ఒప్పందానికి, ఒట్టుకు వాడు కట్టుబడడన్నాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత, 1880లో ఛార్లెస్ బ్రాడ్లా నార్తాంప్టన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. దేవుడి పేరిట కాక ఊరికే ధ్రువీకరిస్తానన్నాడు. ఒప్పుకోలేదు. పోనీ ప్రమాణమే చేస్తానన్నా ఒప్పుకోలేదు. ఓటర్లు మళ్ళీ మళ్ళీ గెలిపించినా 1886 దాకా సభలో స్థానం దక్కలేదు. 1888లో చట్టమే మారింది. భారత రాజ్యాంగం మూడో షెడ్యూలు మొదటినుంచీ రెండు దారులూ తెరిచి ఉంచింది. రెండోదాన్ని మన పత్రికలు ఆత్మసాక్షిగా ప్రమాణం అని రాస్తుంటాయి. ఆత్మను నమ్మనివాడు ఆత్మసాక్షిగా ప్రమాణం చేయడం మన భాష ఆడిన చిన్న పరిహాసం!

1891లో బ్రాడ్లా చనిపోయినప్పుడు అంత్యక్రియలకు వెళ్ళినవాళ్ళలో లండన్‌లో చదువుకుంటున్న గాంధీ ఒకడు. తిరుగు ప్రయాణంలో రైలుస్టేషన్‌లో ఒక నాస్తికుడు ఒక మతాచార్యుణ్ణి గేలిచేస్తూ వాదించడం చూశాననీ, దాంతో నాస్తికత మీద తన విముఖత మరింత పెరిగిందనీ ఆత్మకథలో రాసుకున్నాడు. అర్ధశతాబ్ది గడిచాక ఆయన దగ్గరికి మరో రకం నాస్తికుడు వచ్చాడు. ఆయన మన గోరా.

గోపరాజు రామచంద్రరావు 1902లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. వృక్షశాస్త్రం చదివి కళాశాలల్లో పాఠాలు చెప్పాడు. నాస్తిక భావాల వల్ల కాకినాడలోనూ, తర్వాత మచిలీపట్నంలోనూ ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. అక్కడ ఆయన చేసినది దేవుడు లేడని ఉపన్యాసాలివ్వడం ఒక్కటే కాదు. దళితవాడల్లో పనిచేశాడు, అన్ని కులాలవాళ్ళనూ ఒక పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించాడు. 1941లో ఆయన గాంధీకి ఉత్తరం రాస్తే నిరుత్సాహపరిచే జవాబు వచ్చింది. నాస్తికత ఆత్మనిరాకరణమనీ, మీకేమైనా విజయం లభించి ఉంటే అది చుట్టుపక్కల ప్రజల్లో మీరు చేసిన చిత్తశుద్ధిగల పని వల్లనేననీ దాని సారాంశం. పొగడ్తో తెగడ్తో తేల్చుకోవడం కష్టం. నాకు మాత్రం ఆ జవాబులో గాంధీ తనకు తెలియకుండానే గోరా పక్షం వాదించినట్టు కనబడుతుంది. పని చూశాడు, దాన్ని మెచ్చాడు, దానికి దేవుడితో నిమిత్తం లేదని ఒప్పుకున్నాడు.

1944 చివర్లో గోరా సేవాగ్రామం వెళ్ళాడు. ఇద్దరి మధ్య జరిగిన సంభాషణలు "యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ" అనే చిన్న పుస్తకంగా 1951లో నవజీవన్ సంస్థ నుంచి వచ్చాయి. ప్రతి సాహిత్య విద్యార్థీ చదవవలసిన పుస్తకం అది. వాదం ఎలా చేయాలో అందులో ఉంది. దేవుడున్నాడా లేడా అన్న తర్కంలోకి ఇద్దరూ ఎక్కువగా దిగలేదు. గోరా కలకత్తా కరువును ప్రస్తావించాడు. మిఠాయి కొట్ల ముందే మనుషులు ఆకలితో చచ్చిపోయారు, చేయి చాపి తీసుకోలేదు. కర్మ అనే నమ్మకం వాళ్ళ చేతులు కట్టేసిందన్నాడు. కొట్టువాడు కూడా అదే కర్మ పేరు చెప్పుకుని తప్పించుకున్నాడన్నది నేను చేర్చే మాట. ఆ సంభాషణల చివర, తన ఆస్తికత్వం ఒప్పనీ గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్న చోటికి గాంధీ వచ్చాడు.

అసలు పరీక్ష పెళ్ళి దగ్గర వచ్చింది. గోరా తన పెద్దకూతురు మనోరమను అర్జునరావు అనే దళిత యువకుడికిచ్చి చేయాలనుకున్నాడు. ఆశ్రమంలోనే ఆ పెళ్ళి చేయిద్దామన్నాడు గాంధీ. ప్రమాణవాక్యాల్లో దేవుడి పేరు ఉండడానికి వీల్లేదని గోరా పట్టుబట్టాడు. గాంధీ దేవుడి స్థానంలో సత్యం అనే మాట పెట్టడానికి ఒప్పుకున్నాడు. 1931 నుంచీ సత్యమే దేవుడు అంటూ వస్తున్నవాడికి అది మరీ కష్టం కాకపోవచ్చు. పెళ్ళి చూడకుండానే 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యాడు. మార్చిలో సేవాగ్రామంలో ఆ పెళ్ళి జరిగింది. ఈ ఉదంతంలో నాస్తికుడు తన కులాన్ని వదులుకున్నాడు, ఆస్తికుడు తన మంత్రాన్ని వదులుకున్నాడు. ఏది ఎక్కువ బరువో ఈ దేశంలో పుట్టినవాడికి చెప్పనక్కరలేదు.

గోరా కొడుకు లవణం, కోడలు హేమలత, ఈమె గుర్రం జాషువా కూతురు, తర్వాతి దశాబ్దాల్లో స్టూవర్టుపురంలో పనిచేశారు. బ్రిటిషువాళ్ళు ఎరుకల కులస్థులను పుట్టుకతోనే నేరస్థులని చట్టం చేసి ఉంచిన ఊరు అది. మొదట్లో ఆ ఊరి నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో ఉండేది. పుట్టుకనుబట్టి పాపం అంటగట్టడానికి మనుస్మృతే అక్కరలేదని ఆ చట్టం నిరూపించింది. అది 1952లో రద్దయినా ముద్ర పోలేదు. ఆ ముద్ర చెరపడానికి నాస్తికులు వెళ్ళారు. అంతకుముందు బడి, వైద్యం చేరవేసినవాళ్ళు ఆస్తికులు. ఇద్దరి పనినీ చూడగలిగితేనే మనకు చూపు ఉన్నట్టు.

ఇక మన సంగతి. దేవుణ్ణి వదిలినవాళ్ళు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. కులాన్ని వదిలినవాళ్ళు ఎంతమంది? శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ ఉండదు, ముహూర్తం ఉండదు, దండలు మార్చుకుంటారు, ఒక పెద్ద కవి అధ్యక్షత వహిస్తాడు. కాని రెండువైపులా ఇంటిపేర్లు చూస్తే సంబంధం ఎంత జాగ్రత్తగా కలిపారో తెలుస్తుంది. కట్నం మాట వేదిక మీద రాదు, తెరవెనుక వస్తుంది. దీన్ని నేను వ్యక్తుల బలహీనతగా చూడడం లేదు. ఈ నేల మీద మతం విగ్రహంలో ఉన్నదానికంటే పెళ్ళిలో, వంటింట్లో, శ్మశానంలో ఎక్కువగా ఉంది. అంబేద్కర్ 1936లోనే "కులనిర్మూలన"లో కులానికి బలం శాస్త్రాల పవిత్రతేనన్నాడు. 1956లో ఆయన బౌద్ధం తీసుకున్నప్పుడు దేవుడు లేని ధర్మాన్ని ఎంచుకున్నాడు. ఆయన మరణానంతరం వచ్చిన "బుద్ధుడు - ఆయన ధమ్మం"లో ఇతర మతాల్లో దేవుడికున్న చోటు ధమ్మంలో నీతిదేనని చెప్పాడు. దేవుణ్ణి కాదన్న మన మిత్రులు ఖాళీ అయిన ఆ చోట ఏం పెట్టారో చూసుకోవలసి ఉంది. చాలా ఇళ్ళల్లో అక్కడ కులమే ఉంది, పూజ లేకుండా.

కథకుల పని ఇక్కడుంది. కొబ్బరికాయ కొట్టే నాస్తికుడి కథ ఇక వద్దు, కాఫీ తాగని నాస్తికుడి కథా వద్దు. ఇరవై ఏళ్ళుగా గుడి మెట్లెక్కని తండ్రి ఒకడున్నాడనుకోండి. పుస్తకాలు చదివినవాడు, సభల్లో మాట్లాడేవాడు, లంచం ముట్టనివాడు. కూతురు ఒక దళిత యువకుణ్ణి చేసుకుంటానని ఒక రాత్రి చెప్పింది. అతను కోప్పడడు. చాలాసేపు ఊరుకుని, "నాకేం అభ్యంతరం లేదమ్మా, మీ అమ్మే తట్టుకోలేదు" అంటాడు. ఆ అమ్మ రోజూ దీపం పెట్టుకునే మనిషి. తలుపు చాటునుంచి ఆ మాట విని బయటికొచ్చి, "నామీదకెందుకు తోస్తారండీ? అబ్బాయి ఎలాంటివాడో అడిగారా?" అంటుంది. నేను చదివిన కథల్లో ఈ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడిన కథ ఇంకా కనబడలేదు.